మేడ మీది బొమ్మ చెయ్యి

పోయిన ఆదివారం అమ్మ బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున, కలరా ఉండల వాసన మధ్య ఒక డీవీడీ డబ్బా దొరికింది. డాక్టర్ హూ, 2005 సిరీస్, మొదటి వాల్యూమ్, మూడు ఎపిసోడ్లు. దాదాపు ఇరవై ఏళ్ళ కింద మా పెదనాన్న కొడుకు లండన్ నుంచి తెచ్చిన డిస్కు. ఎప్పుడో పారేశామనే అనుకున్నాను, కానీ మా అమ్మ ఏదీ పారేయదు. నా ఏడో తరగతి ఖోఖో సర్టిఫికెట్ కూడా అదే అరలో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. డాక్టర్ హూ అనేది బీబీసీ వాళ్ళ పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్. 1963 నవంబర్ 23న మొదలై 1989 డిసెంబర్ దాకా నడిచింది. డాక్టర్ అని ఒకాయన, అసలు పేరు చెప్పడు, చూడ్డానికి మనిషే కానీ మన లోకం వాడు కాదు, బయటినుంచి చూస్తే పోలీసులకు ఫోన్ చేసుకునే పాతకాలపు నీలం పెట్టెలా ఉండే బండిలో ఏ కాలానికైనా ఏ గ్రహానికైనా పోతుంటాడు. చావు దగ్గరికొస్తే చావడు, ఒళ్ళంతా మారిపోయి కొత్త మొహంతో లేస్తాడు. మన డైలీ సీరియల్స్‌లో నటుడు మారితే "ఇకనుంచి ఈ పాత్రలో" అని కింద వేస్తారే, ఆ పని వాళ్ళు కథలోనే చేసేసుకున్నారు, నాకు ఇప్పటికీ దానికంటే తెలివైన ఏర్పాటు టీవీలో కనబడలేదు. 1989లో ఆగిపోయాక 1996లో ఒక టీవీ సినిమా తీశారు, అదీ ముందుకు పోలేదు. చివరికి 2005 మార్చి 26న రస్సెల్ టి. డేవీస్ అనే రచయిత దాన్ని మళ్ళీ లేపాడు. ఆ మొదటి ఎపిసోడ్‌ని బ్రిటన్‌లో కోటి మందికి పైగానే చూశారు. దాని పేరు 'రోజ్'.

నేను చూసింది 2006 మే నెలలో. నాకు అప్పుడు ఇరవై. డిగ్రీలో ఒక పేపరు పోయింది, సప్లిమెంటరీ దాకా ఇంట్లో ఊరికే కూర్చుని అమ్మ మొహం చూడ్డమెందుకని తిరుపతిలో మా గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపులో సేల్స్‌కి చేరాను. షాపు పేరు వద్దులెండి. పెళ్ళిళ్ళ సీజన్, నెలకి పదిహేను వందలు, క్యారియర్ మనదే. పొద్దున తొమ్మిదిన్నరకి షట్టర్ ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. కౌంటర్ వెనక స్టూలు ఉండదు. కస్టమర్ లేనప్పుడు ఎవరైనా చీరల కట్ట మీద కాస్త ఒరిగినా మేనేజర్ దగ్గేవాడు, ఆ దగ్గుకి అర్థం అందరికీ తెలుసు. రాత్రి ఇంటికొచ్చి ఉప్పు వేసిన వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుంటే అవి నా కాళ్ళేనా అన్నట్టుండేది. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి సీటు ఉండాలని కేరళలో 2018లో, పక్కనే తమిళనాడులో 2021లో చట్టం మార్చారు. ఆ వార్త చదివిన రోజు నా చెవిలో మొదట వినబడింది ఆ దగ్గే.

కొండ మీద మొక్కు తీర్చుకుని, గుండు మీద గంధం ఇంకా ఆరకుండానే కుటుంబాలు కుటుంబాలు షాపుకి దిగేవి. నలభై చీరలు విప్పించి ఒకటి కొని "కంచిలో అయితే ఇంకా తక్కువకి ఇస్తారు" అని లేచిపోతారు. మిగిలిన ముప్పై తొమ్మిదీ పాత మడత గీత మీదే మళ్ళీ మడవాలి. ఆ పని నాకు నిజంగా వచ్చేది. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇప్పటికీ మా ఇంట్లో పట్టుచీరలు నేనే మడతపెట్టాలి.

ఇక బొమ్మలు. షాపు ముందు అద్దాల వెనక ఆరు ఫైబర్ బొమ్మలు నిలబెట్టి ఉండేవి. తెల్లగా, సన్నటి ముక్కుతో, ఏ పరదేశంలోనో పుట్టినట్టుండే ఆ మొహాలకి మేము బొట్టుబిళ్ళ అంటించి ధర్మవరం పట్టు కట్టేవాళ్ళం. జాకెట్ ఎక్కాలంటే ముందు చేతులు ఊడదీయాలి. భుజం దగ్గర ఒక మెలిక తిప్పితే చెయ్యి మొత్తం వచ్చేస్తుంది, మణికట్టు దగ్గర ఇంకో మెలిక తిప్పితే వేళ్ళతో సహా అరచెయ్యి వస్తుంది. నోట్లో గుండుసూదులు, చంకలో బొమ్మ చెయ్యి, రెండు చేతుల్తో కుచ్చిళ్ళు, అట్లా ఉండేది పొద్దున మొదటి గంట. వాటిలో మూడో బొమ్మకి ఎడమ మణికట్టు వదులు. ఫ్యాన్ గాలికే మెల్లగా తిరిగిపోయేది. పొద్దున దీవిస్తున్నట్టు పెట్టిన చెయ్యి మధ్యాహ్నానికి అడుక్కుంటున్నట్టు ఉండేది. ఒకసారి ఒక పెళ్ళికూతురి నాయనమ్మ ముందే టప్పుమని ఊడిపడితే ఆమె "గోవిందా" అని అరిచి రెండడుగులు వెనక్కి దూకింది.

రాత్రి మూసేముందు మిగిలిన స్టాకు మూడో అంతస్తు గోడౌన్లో పెట్టి రావాలి. ముక్కు పగిలినవి, తల లేనివి, పాత బొమ్మలన్నీ అక్కడ గోడవారగా, దుప్పట్లు కప్పి. ఒకటే ట్యూబ్‌లైటు, అదీ స్టార్టర్ సరిగా లేక కొట్టుకుంటూ ఉండేది. నేను ఆ మెట్లు ఆంజనేయ దండకం చదువుకుంటూ ఎక్కి, దిగేటప్పుడు మాత్రం దండకం పూర్తి చేయకుండానే దిగేదాన్ని.

ఈ డీవీడీ వచ్చింది ఆ రోజుల్లోనే. అన్నయ్య సాఫ్ట్‌వేర్ పని మీద లండన్ పోయి సెలవులకి వచ్చాడు. అందరికీ చాక్లెట్లు, మా తమ్ముడికి మాత్రం ఇంగ్లీషు బాగుపడుతుందని ఈ డిస్కు. ఇంట్లో కొత్తగా కొన్న డీవీడీ ప్లేయర్ ఉంది, ఉత్సాహంగా పెట్టాం, అది కాసేపు గరగరమని తిప్పి, రీజియన్ తప్పు అని చూపించి డిస్కుని బయటికి ఉమ్మేసింది. డీవీడీలకి అప్పట్లో దేశాన్నిబట్టి ఒక నంబరు ఉండేది. బ్రిటన్ 2, మనం 5. ఒక దేశంలో అమ్మింది ఇంకో దేశంలో ఆడకూడదని కంపెనీలు పెట్టుకున్న కట్టుబాటు. "వీసా లేకుండా వచ్చేసినట్టుంది" అన్నాడు అన్నయ్య, అనేసి వాళ్ళ అత్తగారి ఊరికి పోయాడు.

మా తమ్ముడు వదల్లేదు. లీలామహల్ దగ్గర సందులో ఒక ఇంటర్నెట్ సెంటరు ఉండేది, గంటకి పదిహేను రూపాయలు. ఆ సెంటర్ అన్న డిస్కు అటూ ఇటూ తిప్పి చూసి చెప్పాడు. "కంప్యూటర్లో నంబరు మార్చుకోవచ్చు తమ్ముడూ, కానీ అయిదుసార్లే. అయిదోసారి ఏది పెడితే ఇంక అదే ఖాయం. మీకోసం ఒకసారి మార్చాల, మళ్ళీ మన నంబరుకి తెచ్చుకునేదానికి ఇంకోసారి. రెండు పోతాయి నాకు. అందుకే ఏం చేస్తారంటే, వచ్చిన రోజే మూడూ చూసేసి పోండి." మా ఇద్దరికోసం ఒక మనిషి తన అయిదింట్లో రెండు ఖర్చుపెట్టాడు. అంత దగ్గరగా లెక్క చెప్పి మరీ చేసిన సాయం కాబట్టే నాకు అంత గుర్తుండిపోయింది.

నాకు నెలకి రెండే సెలవులు, అందులో ఒకటి దానికి పోయింది. ఒకే హెడ్‌ఫోను, చెరొక చెవి. ఆ యాస మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకున్నాం.

ఆకాశంలోంచి భూమి కనబడుతుంది, కెమెరా దూసుకొచ్చి లండన్ మీదికి, ఒక అపార్ట్‌మెంట్ మీదికి, ఒక అలారం గడియారం మీదికి దిగుతుంది. ఏడున్నర. పంతొమ్మిదేళ్ళ అమ్మాయి లేస్తుంది, అమ్మకి ముద్దుపెట్టి బస్సెక్కుతుంది, పెద్ద బట్టల షాపులో మడతలు పెడుతుంది, మధ్యాహ్నం బాయ్‌ఫ్రెండ్‌తో కాస్త తింటుంది, మళ్ళీ మడతలు, షాపు మూసే టైమ్. రోజంతా రెండు నిమిషాల్లో అయిపోతుంది, మాటల్లేవు, పాటలాంటి మ్యూజిక్ ఒకటే. మూసేటప్పుడు ఎవరో లాటరీ డబ్బుల కవరు చేతిలో పెడితే, దాన్ని ఇంకెవరికో ఇవ్వడానికి ఆ అమ్మాయి లిఫ్టులో కిందికి, బేస్‌మెంట్‌లోకి పోతుంది. చీకటి. వరసగా బొమ్మలు.

నేను హెడ్‌ఫోన్ తీసేశాను. "ఏమైంది అక్కా" అన్నాడు తమ్ముడు. "ఏం లేదు, చెవి నొప్పి" అన్నాను.

ఆ బొమ్మలు కదులుతాయి. ఒకటి, ఇంకొకటి, చుట్టూ. ఆమె గోడకి ఆనుకుంటుంది, ఒక బొమ్మ చెయ్యెత్తుతుంది, అప్పుడు పక్కనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది, తోలు జాకెట్ మనిషి, ఒకే మాట: పరుగెత్తు. డాక్టర్‌గా క్రిస్టఫర్ ఎక్‌ల్‌స్టన్ మొదటి మాట అదే. మొదటిసారి ప్రసారమైన రోజు ఈ బేస్‌మెంట్ సీన్లో వేరే షో యాంకర్ గొంతు పొరపాటున కలిసిపోయి వినబడిందట. అంత పకడ్బందీగా మళ్ళీ మొదలుపెట్టిన సీరియల్‌కి శకునం అట్లా జరిగింది. డిస్కులో అది లేదు, ఉంటే బాగుండేది.

కాసేపటికి ఆ షాపునే పేల్చేస్తాడు డాక్టర్. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మా మేనేజర్ దగ్గు కూడా అందులో పోయినట్టే అనిపించింది.

తర్వాత ఎన్నో సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూశాను, సీరియల్సూ చూశాను. మొదలుపెట్టడంలో ఇంత తెలివి మళ్ళీ నాకు కనబడలేదు. ఇరవై ఆరేళ్ళు నడిచిన పాత సరుకు ఉంది కదా, ఆ చరిత్ర అంతా ముందే కుమ్మరించి ఉండొచ్చు, గ్రహాల పేర్లు, శత్రువుల జాబితాలు. డేవీస్ అవన్నీ మూట కట్టి పక్కన పెట్టి, ఒక సేల్స్ అమ్మాయి భుజం మీదినుంచి చూపించాడు. ఆమెకి తెలిసినంతే మనకీ తెలుస్తుంది. ఎపిసోడ్‌కి పేరు కూడా ఆ అమ్మాయిదే. అంతరిక్షం కథలో మొదటి రెండు నిమిషాలు మడతలు పెట్టడం చూపించిన మనిషికి నేను అప్పుడే అభిమానినైపోయాను. రోజ్‌గా వేసిన బిల్లీ పైపర్ అంతకుముందు పాప్ సింగర్ అని తర్వాత తెలిసింది, కానీ బట్టలు సర్దేటప్పుడు ఆ నిలబడే తీరు, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడం, అది షాపులో పనిచేసినవాళ్ళు చేసే పనే.

బొమ్మల కథ కూడా కొత్తది కాదట. 1970 జనవరిలో వచ్చిన కథలోనే అవి షాపుల అద్దాలు పగలగొట్టుకుని వీధిలోకి వస్తాయి. డాక్టర్ హూ రంగుల్లో వచ్చిన మొదటి కథ అది. అయితే అప్పుడు అద్దం పగలడం చూపించే డబ్బుల్లేక చప్పుడు మాత్రమే వినిపించారు. ముప్పై అయిదేళ్ళ తర్వాత 'రోజ్'లో అద్దాలు నిజంగా భళ్ళుమని రాలతాయి. చిన్నప్పుడు ఆ చప్పుడు విన్నవాళ్ళకి ఇప్పుడు అద్దం పగలడం చూస్తే ఎట్లా ఉండి ఉంటుందో అని నేను చాలాసార్లు అనుకున్నాను, తిరునాళ్ళలో చేతికందని బొమ్మని పెద్దయ్యాక కొనుక్కున్నట్టు.

సరే, ఆ తర్వాత వారానికే మా మూడో బొమ్మ మణికట్టు పూర్తిగా విరిగింది. మేనేజర్ చెత్తలో వేయమన్నాడు. నేను ఎందుకో సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎపిసోడ్లో ఊడిపోయిన ప్లాస్టిక్ చెయ్యి ఒకటి మర్నాడు రోజ్ ఇంట్లోకే దూరి డాక్టర్ గొంతు పట్టుకుంటుంది, అది చూసినప్పటినుంచీ మా తమ్ముడికి అదే పిచ్చి. వాడు ఆ చెయ్యిని అమ్మ కుట్టుమిషన్ మీద, బట్ట కింద వేళ్ళు మాత్రం బయటికి కనబడేట్టు పెట్టాడు. మా అమ్మ జాకెట్లు కుడుతుంది, పొద్దున లేచి మిషన్ మీది బట్ట ఎత్తింది. ఆ కేక పక్కింటి మేడ మీద పావురాలకి కూడా తెలుసు. చీపురుతో వాడికి రెండు, నాకు ఒకటి. "వాడికంటే బుద్ధి లేదు, నువ్వు పెద్దదానివి గదామే! యాడిదీ పీడ?" అని తిట్టి, మధ్యాహ్నానికి చల్లబడి, ఆ చెయ్యికి సున్నంతో బొట్లు పెట్టి, అరచేతిలో ఒక కన్ను గీసి, మేడ మీద ఇనప చువ్వకి దిష్టికోసం కట్టేసింది. పారేయదని చెప్పాను కదా.

ఆ షాపు నేను ఆగస్టులో మానేశాను. పది రోజుల జీతం పట్టుకుని ఇవ్వలేదు. సప్లిమెంటరీ పాసయ్యాను, తర్వాత ఉద్యోగం, పెళ్ళి, అదంతా వేరే కథ, దాంట్లో చెప్పుకోదగ్గ బొమ్మలేమీ లేవు.

ఇప్పుడు మళ్ళీ ఆదివారానికొస్తా. డిస్కు దొరికింది కానీ ఇంట్లో ఏ ల్యాప్‌టాప్‌కీ డిస్కు పెట్టే చోటే లేదు. పక్కవీధిలో కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి దగ్గర యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి అరువు తెచ్చాను. పెట్టగానే మళ్ళీ అదే ప్రశ్న, రీజియన్ మార్చాలా, ఇంకా అయిదుసార్లే మార్చగలరు. నాకు ఒక్కసారిగా ఆ సందు, ఆ అన్న మొహం, గంట అయిపోవస్తుంటే గోడగడియారం వంక చూసే చూపు, అన్నీ వచ్చేశాయి. ఆ సందు ముందు ఇప్పుడు ఫ్లైఓవర్ ఉంది, ఆ సెంటర్ ఎక్కడుండేదో చూపించమన్నా చూపించలేను. జిల్లా పేరు కూడా మారింది, అప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. రెండు నంబరు నొక్కాను.

ఒక పక్క మా పాప, దానికి పదేళ్ళు, ఇంకో పక్క అమ్మ, ఒళ్ళో చిక్కుడుకాయల చేట.

మొదట బాగాలేనివి చెప్పేస్తా. చెత్తడబ్బా ఒకటి రోజ్ బాయ్‌ఫ్రెండ్‌ని మింగేసి త్రేన్చుతుంది. 2006లో తమ్ముడి ముందు నాకు సిగ్గేసింది, ఇప్పుడు కూతురి ముందు మళ్ళీ సిగ్గేసింది. అది పడీ పడీ నవ్వింది, అంటే ఆ సీన్ ఎవరికోసం తీశారో వాళ్ళకి చేరిందన్నమాట. ప్లాస్టిక్‌ని ఆడించే ఆ విలన్ ఎరుపు బురదలాంటి కంప్యూటర్ బొమ్మ, అప్పుడే అంతంతమాత్రం, ఇప్పుడు మరీ. కథ కూడా నలభై అయిదు నిమిషాలకి సరిపడా లేదు, డాక్టర్ జేబులో ప్లాస్టిక్‌కి విరుగుడు మందు సీసా ఒకటి ముందే ఉంటుంది, అది పడాల్సిన చోట పడితే అయిపోయింది. అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ "ప్లాస్టిక్కుకి మందుందా? మన మునిసిపాలిటీ వాళ్ళకి ఇమ్మని చెప్పు" అంది. కొండ మీదికి నీళ్ళ ప్లాస్టిక్ బాటిళ్ళు పోనివ్వని ఊరు మాది, మాకు ఆ విలన్ భయం కొంచెం తక్కువే.

ఆ ప్లాస్టిక్ బొమ్మల్ని ఆడించే సంకేతాలు పంపే ఒక పెద్ద గుండ్రటి ఇనప ట్రాన్స్‌మిటర్ కోసం డాక్టర్ లండన్ అంతా వెతుకుతుంటాడు, ఎక్కడుంది ఎక్కడుంది అని, వెనకాలే లండన్ ఐ అనే జెయింట్ వీల్ దీపాలతో వెలుగుతుంటుంది. రోజ్ అతని భుజం మీదినుంచి చూస్తూ నిలబడుతుంది. అతను తిరిగి చూస్తాడు, అర్థం కాదు, మళ్ళీ తిరుగుతాడు. పాప "వెనక! వెనక!" అని అరిచింది. తిరుపతి బస్టాండులో దిగి, తలెత్తితే కనబడే కొండకి ఎదురుగా నిలబడి "కొండ ఎక్కడండీ" అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు, అదే మొహం డాక్టర్‌ది.

నీలం పెట్టె లోపల పెద్ద హాలంత ఉంటుంది. రోజ్ లోపలికి పోయి, హడలిపోయి బయటికొచ్చి, పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మళ్ళీ పోతుంది. దీన్ని పాపకి ఎట్లా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే అమ్మ అంది, "ఏముందిలే, కిట్టయ్య నోట్లో యశోదమ్మ చూసినట్టు." నేను పేజీలు రాసినా అంతకంటే బాగా చెప్పలేను.

ఎప్పటికీ పాతబడనిది ఒక నడక. రోజ్ అతని వెంటపడి వీధిలో నడుస్తూ నువ్వెవరు, నిజంగా నువ్వెవరు అని అడుగుతుంది. అతను ఆగి ఆమె చెయ్యి పట్టుకుంటాడు. భూమి తిరుగుతోందని చిన్నప్పుడు చెప్తే నమ్మలేవు కదా, అంతా కదలకుండా ఉన్నట్టే ఉంటుంది కదా, నాకు ఆ తిరుగుడు తెలుస్తుంటుంది అంటాడు. కాళ్ళకింద నేల గంటకి వెయ్యి మైళ్ళ వేగంతో తిరుగుతోంది, భూమి మొత్తం సూర్యుడి చుట్టూ అరవై ఏడు వేల మైళ్ళ వేగంతో పోతోంది, అంటే మన లెక్కలో గంటకి లక్ష కిలోమీటర్ల పైమాటే, ఈ చిన్న లోకాన్ని అంటిపెట్టుకుని మనం పడిపోతున్నాం, చెయ్యి వదిలామా... అని చెయ్యి వదిలేస్తాడు. అంతే సీను. గ్రాఫిక్స్ లేవు, మామూలు పగటి వెలుతురు, ఇద్దరు మనుషులు. మర్నాడు షాపులో నాకు అదే పని అయిపోయింది. మడమలు పీకుతుంటే, ఈ నేల గంటకి వెయ్యి మైళ్ళు పోతోంది, నేను నిలబడలేదు, ప్రయాణం చేస్తున్నా, టికెట్ లేకుండా, అని చెప్పుకునేదాన్ని. నొప్పి తగ్గలేదు కానీ టైమ్ గడిచేది.

చివర్లో డాక్టర్‌ని బొమ్మలు పట్టుకుంటే రోజ్ గొలుసు పట్టుకుని ఊగుతూ వచ్చి కాపాడుతుంది. ఊగేముందు అంటుంది, నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు, ముందు ఏముందో తెలియదు, కానీ చిన్నప్పుడు స్కూల్లో జిమ్నాస్టిక్స్‌లో కాంస్యం వచ్చింది అని. ఒక పేపరు పోయి, షాపులో దగ్గు వింటున్న నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆ రాత్రి ఇంటికి పోయి మొదట వెతికింది ఆ ఖోఖో సర్టిఫికెట్‌నే. జిల్లా స్థాయి, రెండో స్థానం. దొరికాక ఏం చేయాలో తెలియక మళ్ళీ అక్కడే పెట్టేశాను.

ఇప్పుడు చూస్తే నా కన్ను రోజ్ మీద లేదు. వాళ్ళమ్మ జాకీ మీద ఉంది. మొదటిసారి జాకీ నాకు ఉత్త కామెడీ. షాపు పేలిపోయిన మర్నాడు, పోయిన ఉద్యోగం గురించి, నష్టపరిహారం అడగమని, మాంసం కొట్టులో పని ఉందేమో కనుక్కోమని ఒకటే వాగుడు. ఆ వాగుడంతా భయమని నలభై దగ్గరపడ్డాక తెలిసింది. కూతురు చావు తప్పించుకుని వచ్చింది, ఆ సంగతి నోటితో అనలేక పరిహారం లెక్కలు మాట్లాడుతోంది. నాన్న పోయిన వారం మా అమ్మ ఇన్సూరెన్స్ కాగితాల గురించి అట్లాగే మాట్లాడింది, నేను విసుక్కున్నాను కూడా. ఆఖరున బొమ్మల దాడి తర్వాత జాకీ ఫోన్‌లో "బయటికి పోవద్దు, ప్రమాదం" అని అరుస్తుంటే, ఆ ప్రమాదం మధ్యలోంచే వచ్చిన రోజ్ ఆమె గొంతు విని నవ్వి పెట్టేస్తుంది. అమ్మ బతికే ఉంది, అది చాలు ఆమెకి. 2006లో నేనూ నవ్వాను. ఈసారి నవ్వు రాలేదు. ఆ అమ్మాయి ఇంకో నిమిషంలో ఆ పెట్టెలోకి పరుగెత్తబోతోంది, ఇంట్లో చెప్పకుండా.

నిజానికి డాక్టర్ తనతో రమ్మంటే మొదట రానంటుంది. అమ్మని చూసుకోవాలి, బాయ్‌ఫ్రెండ్‌ని చూసుకోవాలి అంటుంది. పెట్టె మాయమైపోతుంది. వీధి ఖాళీ. మళ్ళీ గాలి, మళ్ళీ పెట్టె, అతను తల బయటపెట్టి, ఇది కాలంలో కూడా తిరుగుతుందని చెప్పానా అంటాడు. ఆమె బాయ్‌ఫ్రెండ్‌కి ముద్దుపెట్టి పరుగెత్తుతుంది. అన్నయ్య మాకు అప్పుడే చెప్పాడు, ఈ డాక్టర్ పదమూడు ఎపిసోడ్లే, తర్వాత మారిపోయాడని. మొదటి ఎపిసోడ్ వచ్చిన నాలుగు రోజులకే ఆయన మానేస్తున్నట్టు బీబీసీ ప్రకటించిందట. మేం తిరుపతిలో ఆయన్ని ఇష్టపడటం మొదలుపెట్టేటప్పటికి అక్కడ ఆయన స్థానంలో డేవిడ్ టెనెంట్ వచ్చి కూడా నెలలైంది. అప్పట్లో మనకి ఏదైనా అట్లానే వచ్చేది, నక్షత్రం వెలుతురులాగా.

"మొదటిసారి ఎందుకు రానంది అమ్మమ్మా?" అంది పాప, నన్ను కాదు. అమ్మ చేట పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది. "అమ్మని ఒక్కదాన్నే వదిలి ఎట్ల పోతాది? పోయిందిలే చివరికి. పోనీ." ఇంకేం అనలేదు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు ఆదివారాలు సాయంత్రం ఫోన్ చేస్తాడు, ఆ రోజు ఇంకా చేయలేదు.

పాపకి మేడ మీది చెయ్యి కథ అంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఎండకి పసుపెక్కి, బొటనవేలు పోయి, అది ఇంకా ఆ చువ్వకే ఉంది, ఏటా సంక్రాంతికి అమ్మ దానికి కొత్తగా సున్నం బొట్లు పెడుతుంది. అది రోజూ చూసేదే కాబట్టి పాప ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ రోజు చెప్పాను, షాపు, మూడో బొమ్మ, మిషన్ మీద మామయ్య చేసిన పని, చీపురుదెబ్బలు అన్నీ. అది పగలబడి నవ్వింది, అమ్మ కూడా నవ్వింది.

రాత్రి పడుకున్నాక, లైటు తీసేశాక, చీకట్లో పాప గొంతు. "అమ్మా, మేడ మీద తలుపు వేశావా?"

"వేశానే, పడుకో."

పక్క గదిలో మంచం కిర్రుమంది. అమ్మ లేచి, చెప్పుల చప్పుడు చేసుకుంటూ మెట్లెక్కి, గొళ్ళెం లాగి చూసి వచ్చింది.